ఈడ ఏమున్నది గియ్యనీకి?

మా గల్లీ చివర రేకుల రూములో ఒక కుర్రాడుంటాడు. ఇరవై ఆరేళ్లు. పాశమైలారం పారిశ్రామికవాడలో ఉద్యోగం, వారానికొక షిఫ్టు. మా ఇంద్రేశంలో అలాంటి రూములు వందల్లో ఉంటాయి. తలుపు తీస్తే ఎదురుగా దండెం, దండెం మీద యూనిఫాం, మూలన గ్యాస్ పొయ్యి. ఆ మధ్య ఏదో పనిమీద వాళ్ల రూముకెళ్తే గోడకున్న పాత క్యాలెండరు గాలికి తిరగబడింది. వెనకవైపు బాల్‌పెన్నుతో గీసిన ముసలమ్మ ముఖం. చెవుల గంటీలు, నుదుటి మడతలు, ముడుచుకున్న పెదవులు... దేన్నో చూసి దించిన బొమ్మ కాదది, బాగా ఎరిగిన మనిషిని గీసింది.

"ఎవరిది?" అన్నాను.

"మా నాయనమ్మ అన్నా. ఆమె పోయిన సంవత్సరం గీసిన."

"మళ్లీ గీయలేదా?"

నవ్వాడు. "ఈడ ఏమున్నదన్నా గియ్యనీకి? షెడ్లు, లారీలు, పొగ. ఊర్లనైతే ఏమన్నా ఉంటుండె."

ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే అతనిది పూర్తిగా తప్పని అనలేం. ఒకవైపు హద్దురాళ్లు పాతిన లేఅవుట్లు, ఇంకోవైపు క్యూరింగ్ నీళ్లు కారుతున్న సగం కట్టిన అపార్ట్‌మెంట్లు, మధ్యలో ఎటూ పోలేక మిగిలిపోయిన నాలుగు బర్రెలు. సాయంత్రం గాలి తిరిగిందంటే ముక్కు మూసుకోవాలి. ఇదీ మా ఊరు. దీన్ని చూసి ఎవడికి కుంచె పట్టాలనిపిస్తుంది?

అయినా ఆ జవాబు నన్ను వదల్లేదు. 'ఇక్కడేముంది' అనేమాట బొమ్మలతో ఆగేది కాదు. ఈ మాట అలవాటైనవాళ్లను చాలామందిని చూశాను. ఈ కంపెనీలో ఏముంది నేర్చుకోవడానికి? ఈ ఊళ్లో ఎవడున్నాడు మాట్లాడటానికి? హైదరాబాద్ పోతే చూద్దాం, బెంగళూరు పోతే చూద్దాం, దుబాయ్ పోతే చూద్దాం. తీరా పోయాక అక్కడా అదే మాట. కళ్లు మారలేదు కదా, ఊరు మారి ఏం లాభం?

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. కానీ ఆ సామెతను ఎగతాళికి పుట్టించారని, మనం దాన్ని సలహాగా తీసుకున్నామని నాకో అనుమానం.

మన ఉమ్మడి మెదక్ జిల్లాలోనే నిజాంపూర్ అని ఒక పల్లె. 1940లో అక్కడ పుట్టినాయన లక్ష్మాగౌడ్. కె. లక్ష్మాగౌడ్ పేరు విననివాళ్లు కూడా ఆయన బొమ్మలు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. తలపాగాలు, మీసాలు, ముక్కుపుడకలు, పచ్చబొట్లు, మనుషుల మధ్య మనుషుల్లాగే నిలబడ్డ మేకలు. చిన్నప్పుడు ఆయన చూసింది తోలుబొమ్మలాట, మట్టిపని చేసే చేతులు. ఆర్ట్ గ్యాలరీ అంటే ఏమిటో ఆ ఊళ్లో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివి, 1963లో స్కాలర్‌షిప్ మీద బరోడా వెళ్లారు. ఎం.ఎస్. యూనివర్సిటీలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర మ్యూరల్, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. సుబ్రమణ్యన్ శాంతినికేతన్‌లో తయారైన మనిషి. బొమ్మలు చేసే కుమ్మరినీ, నేత నేసే సాలెవాడినీ కళాకారులుగానే చూసే గురువు.

ఇప్పుడు అసలు సంగతి. బరోడాలో చదువుకున్న కుర్రాడి ముందు అప్పట్లో రెండు దారులున్నాయి. బొంబాయో ఢిల్లీయో పోయి పారిస్ ఫ్యాషన్‌లో గీయడం ఒకటి. ఉద్యోగం చూసుకుని మెల్లగా గీయడం మానేయడం రెండోది. లక్ష్మాగౌడ్ తిరిగి తన ఊరివైపు చూశారు. చిన్నప్పటి నుంచి చూసిన ఊరే. కానీ బరోడా నుంచి వచ్చిన కళ్లకు అది కొత్తగా కనబడింది. పట్నంలో మర్యాద పేరుతో దాచిపెట్టే సంగతులు పల్లెలో ఎంత మామూలుగా ఉంటాయో, ఆడామగా మధ్య చూపులు, సరసం, శరీరం గురించిన మాటలు ఎంత నిస్సంకోచంగా ఉంటాయో ఆయనకు అప్పుడు తట్టింది. ఆ తర్వాత ఆయన గీసిన నలుపు తెలుపు బొమ్మల్లో కొన్ని ఇప్పటికీ హాల్లో తగిలించుకునే రకం కావు, పెద్దలొచ్చినప్పుడు తీసి లోపల పెట్టుకోవాల్సినవే. ఆయన వాటిని మెత్తబరచలేదు.

ఆ తర్వాత ఆయన పట్టని సామగ్రి లేదు. పెన్సిల్, సిరా, నీటిరంగులు, పాస్టెల్, అద్దం వెనక వేసే బొమ్మలు, మట్టి, కంచు. సరుకు మారింది, ఊరు మారలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, సరోజినీ నాయుడు స్కూల్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. మన పటాన్‌చెరు నుంచి లింగంపల్లి మీదుగా గచ్చిబౌలి పోయే బస్సు ఆ క్యాంపస్ గేటు ముందు నుంచే పోతుంది. 2016లో పద్మశ్రీ వచ్చింది.

నాకు వీటన్నిటికంటే ఆయన ఎచింగులంటే ఇష్టం. అవి ఎలా తయారవుతాయో మా ఇంద్రేశం కుర్రాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. వాళ్లు రోజూ చూసే సరుకే మరి.

జింకు రేకో రాగి రేకో తీసుకుంటారు. జిడ్డు లేకుండా రుద్దుతారు. మైనం, తారు కలిపిన పూత దానిమీద పల్చగా పట్టిస్తారు. ఆరాక సూదితో బొమ్మ గీస్తారు. సూది లోహాన్ని కోయదు, పూతను మాత్రం గీరుతుంది. గీరినచోట లోహం తళుక్కుమంటుంది. ఇప్పుడు రేకును నీళ్లు కలిపిన యాసిడ్‌లో ముంచుతారు. పూత ఉన్నచోట యాసిడ్ ఏమీ చేయలేదు. గీత ఉన్నచోట చిన్నచిన్న బుడగలు లేస్తాయి, తినడం మొదలైందన్నమాట. రెండు నిమిషాలుంచితే సన్నగీత, ఇంకాసేపు ఉంచితే లోతు గీత. కొన్ని గీతలు చాలనుకుంటే రేకు బయటికి తీసి, వాటిమీద వార్నిష్ వేసి మూసి, మిగతావాటి కోసం మళ్లీ ముంచుతారు. చివరికి పూత కడిగేసి, రేకంతా సిరా రుద్ది, గుడ్డతో తుడిచేస్తారు. పైన సిరా పోతుంది, గాట్లలో ఉండిపోతుంది. తడిపిన కాగితం పరిచి ప్రెస్సు రోలరు కిందికి తోస్తారు. బరువుకు కాగితం గాట్లలోకి దిగి సిరాను పీల్చుకుంటుంది. కాగితం ఎత్తితే బొమ్మ తిరగబడి ఉంటుంది. రేకు మీద కుడివైపు నిలబడ్డ మేక కాగితం మీద ఎడమవైపుంటుంది.

'కష్టాల యాసిడ్‌లో ఎంత మునిగితే మనిషి గీత అంత లోతు' అని ఇక్కడ ఒక వాక్యం రాయాలని చెయ్యి దురద పెడుతోంది. రాయను. యాసిడ్ పనిలో చేతులు కాల్చుకున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు, వాళ్ల ముందు ఆ మాట చదవలేను. నాకు కావాల్సింది వేరే సంగతి. ఈ పని తొందరపడితే కాదు. మేక చెవి దగ్గర వెంట్రుకలు గీయడానికి సూదితో వందసార్లు గీరాలి. గీరాలంటే ముందు మేక చెవిని వందసార్లు చూసి ఉండాలి. చూడనివాడు ఏం గీరతాడు? ఊరి గురించి 'నాకు తెలుసులే' అనుకున్నవాడి చేతిలో అలాంటి మేక పుట్టదు.

మీరు బొమ్మలు గీసేవాళ్లు కాకపోవచ్చు. లేత్ మెషీన్ దగ్గర పనిచేస్తుండొచ్చు, డిస్పాచ్‌లో లెక్కలు రాస్తుండొచ్చు, మెడికల్ షాపు నడుపుతుండొచ్చు. అయినా మీ పనిలో మీరు ఇప్పటిదాకా సరిగ్గా చూడని మేక చెవి ఒకటి ఉంటుంది. అది వెతకండి. ఫలానా బ్యాచ్ ఎప్పుడూ ఎందుకు ఆలస్యమవుతుందో, ఫలానా బేరింగ్ ఆరునెలలకోసారి ఎందుకు పోతుందో, మీ కొట్టుకొచ్చే ముసలాయన రోజూ రెండు మాత్రలే ఎందుకు కొంటాడో... మిగతావాళ్లు వదిలేసింది మీరు ఒక్కరు చూస్తే చాలు. ఏడాది తిరిగేసరికి 'ఆయన్నడుగు, ఆయనకు తెలుస్తది' అనిపించుకుంటారు. పేరంటే అదే. ప్రమోషన్ తర్వాతి సంగతి.

'లక్ష్మాగౌడ్‌ది పల్లె సంగతి. పల్లెకు అందం ఉంది. మా షెడ్లకేముంది?' అనొచ్చు. మా కుర్రాడన్నది కూడా అదే కదా.

ఇంగ్లండ్‌లో ఎల్.ఎస్. లౌరీ అనే చిత్రకారుడుండేవాడు. 1887లో పుట్టి 1976లో పోయాడు. మాంచెస్టర్ పక్కన పెండిల్‌బరీ అనే మిల్లుల ఊళ్లో ఉండేవాడు. నూలు మిల్లులు, పొగగొట్టాలు, వరసగా ఒకేలాంటి కార్మికుల ఇళ్లు. 1909లో ఆ ఊరికి మారినప్పుడు అతనికి అది బొత్తిగా నచ్చలేదు. ఒకరోజు రైలు తప్పిపోయింది. స్టేషను మెట్ల మీద నిలబడి చూస్తే ఎదురుగా పెద్ద మిల్లు. షిఫ్టు వదిలారు. కిటికీలన్నీ దీపాలతో వెలుగుతున్నాయి, గేట్లోంచి జనం పొలోమని బయటికొస్తున్నారు. ఎన్నోసార్లు చూసిన దృశ్యమే. ఆ రోజు మాత్రం అతను కదల్లేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అదే గీశాడు: మిల్లు, గేటు, గుంపు, కొద్దిగా ముందుకు వంగి నడిచే సన్నపాటి మనుషులు.

రైలు తప్పడం గొప్ప అదృష్టం అని చెప్పడం లేదు. మనకు షేర్ ఆటో తప్పితే తిట్టుకుంటూ ఫోన్ తీస్తాం. అతను తలెత్తాడు, అంతే తేడా.

లౌరీ ఉద్యోగమేమిటో తెలుసా? ఇళ్ల అద్దెలు వసూలు చేయడం. 1910లో ఒక ప్రాపర్టీ కంపెనీలో చేరి 1952లో పింఛనుతో రిటైరయ్యాడు. నలభై రెండేళ్లు. పగలు వీధి వీధి తిరిగి అద్దెలు, రాసుకోవడం. రాత్రి పదింటికి బొమ్మలు. మంచం పట్టిన తల్లికి సేవ చేసి, ఆమె నిద్రపోయాక మొదలుపెట్టేవాడు. ఈ ఉద్యోగం సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు, చెబితే ఆదివారం చిత్రకారుడని తేలిగ్గా తీసిపారేస్తారని భయం. అద్దెల కోసం తిరిగిన వీధులే అతని బొమ్మలకు ముడిసరుకు. ఉద్యోగం అతని కళను తినేయలేదు, దానికి కావాల్సినదంతా తెచ్చి పెట్టింది. లండన్‌లో అతని మొదటి సొంత ప్రదర్శన 1939లో జరిగింది. అప్పటికి యాభై ఏళ్లు దాటాయి. అదే ఏడాది తల్లి చనిపోయింది. తర్వాత ప్రభుత్వం నైట్‌హుడ్ ఇస్తానంటే వద్దన్నాడు. ఇంకా కొన్ని బిరుదులూ వద్దన్నాడు.

'ఉద్యోగం వదిలేసి నీ కల వెంట పరుగెత్తు' అని ఫోన్లో చెప్పే ఉపన్యాసకులను ఇక్కడే కాస్త నిలదీయాలి. నెలకు పద్దెనిమిది వేలొచ్చే కుర్రాడికి, ఊళ్లో తండ్రి మందులకు పంపాల్సినవాడికి, ఆ మాట చెప్పడం ఎంత సులువో! ఉద్యోగం ఉంచుకోండి. నిద్రకు కావాల్సినంత ఇచ్చి, మిగిలినదాంట్లో ఒక గంట మాత్రం ఎవరికీ ఇవ్వకండి. నైట్ షిఫ్టు వారంలో ఆ గంట దొరకదు. దొరకని వారం వదిలేయండి, తర్వాతి వారం మళ్లీ పట్టుకోండి. తెగిన వరుసను చూసి 'ఇక అయిపోయింది' అనుకోవడమే మనల్ని ముంచేది.

లౌరీ వాడిన రంగులు అయిదు. నలుపు, సిందూరం, నీలం, పసుపుమట్టి, తెలుపు. అంతే, జీవితమంతా. మనవాళ్లలో తోట వైకుంఠం బొమ్మలు చూడండి. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టినాయన. ఎర్రటి చీరలు, పసుపు, నల్లటి మేని ఛాయ, నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు. ఎక్కడ కనబడినా సంతకం చూడక్కర్లేదు. 'దాసి' సినిమాకు కళాదర్శకుడిగా జాతీయ అవార్డు తీసుకున్నాయన కూడా ఈయనే. నాలుగు రంగులతో మనిషిని గుర్తుపట్టేలా చేయగలిగినప్పుడు నలభై దేనికి?

ఈ సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. ఇరవై మూడేళ్ల వయసులో మొదటి జీతంతో నలభై ఎనిమిది రంగుల పెట్టె కొన్నాను. రెండు బ్రష్‌లు, మంచి కాగితం, ఈజిల్ కూడా. మూత తీసి, అంత అందంగా ఉన్నవాటిని పాడుచేయడం ఇష్టంలేక మళ్లీ పెట్టేశాను. మూడుసార్లు ఇల్లు మారాం, పెట్టె మాతోనే మారింది. ఇప్పుడు తెల్లరంగు తప్ప అన్నీ ఎండిపోయాయి. జిమ్ షూలు, గిటారు, ఇంగ్లిష్ కోర్సు... ఇలాంటి పెట్టె ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. కొనడమే పని చేసినట్టు అనిపిస్తుంది, అదే మాయ.

సామాన్లు లేవంటే అసలే ఒప్పుకోను. డేవిడ్ హాక్నీ అని ఇంగ్లండ్‌లోనే ఇంకో చిత్రకారుడు. ఉన్ని మిల్లుల ఊరు బ్రాడ్‌ఫర్డ్‌లో 1937లో పుట్టాడు. కాలిఫోర్నియా వెళ్లి స్విమ్మింగ్ పూల్స్ గీసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. 1972లో గీసిన పూల్ బొమ్మ ఒకటి 2018 వేలంలో తొమ్మిది కోట్ల డాలర్లు దాటింది. అలాంటివాడు అరవై ఏళ్లు దాటాక మళ్లీ తన యార్క్‌షైర్ పల్లెదారులకొచ్చి, అదే రోడ్డు, అవే చెట్లు ఋతువు ఋతువుకూ గీశాడు. 2009 నుంచి ఫోన్ మీద బొటనవేలితో గీయడం మొదలుపెట్టి, తర్వాత ఐప్యాడ్‌కు మారాడు. మీ జేబులో ఉన్నది కూడా ఫోనే.

అంత దూరం ఎందుకు, సిద్దిపేట కాపు రాజయ్య గారు. 1925లో పుట్టి 2012లో పోయేదాకా బతుకమ్మ, బోనాలు, పనిపాటలు చేసే జనాన్నే గీశారు. పటాల మీద బొమ్మలు గీసే నకాశీ వాళ్ల పద్ధతిని తనదిగా చేసుకున్నారు. ఊరు వదలకుండానే ఊరిని దేశానికి చూపించారు.

ఇంతమంది గురించి చదివాక మా ఇంద్రేశం చుట్టూ నేనూ మళ్లీ చూడటం మొదలుపెట్టాను. చూస్తే సిగ్గేసింది. మన పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. 1972 నుంచి దేశదేశాల శాస్త్రవేత్తలు అక్కడ కూర్చుని చూస్తున్నదేమిటి? జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి. మన అమ్మమ్మలు చాటలో చెరిగినవే. వాటిలో చూడాల్సింది యాభై ఏళ్లయినా వాళ్లకు అయిపోలేదు. పక్కనే అమీన్‌పూర్ చెరువు. చుట్టూ ఇళ్లు, ఫ్యాక్టరీలు, మురుగు. అయినా 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. కొందరు కెమెరాలు పట్టుకుని తెల్లవారుజామున ఒడ్డున కూర్చుని, ఏ పక్షి ఎప్పుడొస్తుందో రాసుకున్నారు. అదే చెరువు పక్క నుంచి నేను పదేళ్లు బండి మీద పోయాను. నాకు కనబడింది గుర్రపుడెక్క ఒక్కటే.

అందుకే కుర్రాడికి జవాబు చెప్పడం మానేసి ఒక పని చెప్పాను. ఇరవై రూపాయల నోట్‌బుక్కు, ఒక బాల్‌పెన్ను. రబ్బరు లేదు. నెలరోజులు ఒక్క వస్తువే గీయాలి. ఏ వస్తువన్నది నువ్వే చూసుకో.

"ఒక్కటే నెలంత గీస్తే బోర్ కొట్టదా అన్నా?"

"కొడుతుంది. కొట్టాకే మొదలవుతుంది" అన్నాను. ఆ మాట నాకే కొంచెం పెద్దగా వినబడింది, సర్దుకున్నాను. "చూద్దాం పట్టు, పోయేదేముంది? ఇరవై రూపాయలు."

రోజూ తీసుకెళ్లే స్టీలు టిఫిన్ డబ్బా ఎంచుకున్నాడు. మొదటి వారం బొమ్మలన్నీ డ్రాయింగ్ పుస్తకంలో బొమ్మల్లాగే ఉన్నాయి, ఏ డబ్బా అయినా కావచ్చు. ఎనిమిదో రోజు మూత మీదున్న సొట్ట కనబడిందట. ఆటోలోంచి పడినప్పుడు పడ్డ సొట్ట. తర్వాత క్లిప్పు ఒకవైపు వదులుగా ఉండటం. తర్వాత డబ్బా అడుగున గోరుతో గీకినట్టు చెక్కిన పేరు, అమ్మ ఇచ్చిందట, పెళ్లిలో ఎవరో చదివించిన డబ్బా. నాలుగేళ్లుగా రోజూ దాంట్లోనే తింటున్నాడు, ఆ పేరు ఎప్పుడూ చదవలేదు. మధ్యలో నైట్ షిఫ్టు వారం వచ్చింది, ఒక్క బొమ్మా లేదు. నేను అడగలేదు. తర్వాతి సోమవారం మళ్లీ గీశాడు.

మీరూ ఒక నోట్‌బుక్కు కొనండి. బొమ్మ రాకపోతే రాయండి, రాయడం రాకపోతే ఫోన్లో మాట్లాడి దాచుకోండి. రోజుకొకటి, మీ పని దగ్గర్నుంచే, నిన్న కనబడనిది. నెలదాకా ఎవరికీ చూపించకండి, స్టేటస్‌లో అసలే పెట్టకండి. లైకులు లెక్కపెట్టడం మొదలైతే చూడటం ఆగిపోతుంది.

మొన్న ఆదివారం కుర్రాడు నోట్‌బుక్కు తెచ్చిచ్చాడు. ఇరవై మూడు పేజీలు నిండాయి. ఇరవై రెండు పేజీల్లో టిఫిన్ డబ్బా. చివరి పేజీలో డబ్బాలు పట్టుకుని కంపెనీ గేటు దగ్గర వరసగా నిలబడ్డ చేతులు, పదకొండు, ఏ రెండూ ఒక్కలా లేవు.